తొమ్మిదో ప్రశ్న

ప్రశ్నావళి లేని ప్రాజెక్టు తన కాలేజీ గడప దాటదని ప్రిన్సిపాల్ పట్టాభిగారు తేల్చి చెప్పేశారు. ఆయన కామర్స్ మనిషి. సబ్బుల అమ్మకాల మీద చేసినా, సహకార సంఘాల మీద చేసినా, ఓ వంద ఇళ్లకు వెళ్లి పది ప్రశ్నలడగాలి, జవాబుల్ని శాతాల్లోకి మార్చాలి, శాతాల్ని రంగురంగుల గుండ్రాలుగా గీయాలి. అప్పుడే అది పరిశోధన. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద, కింద బేకరీకీ పైన ఎంసెట్ కోచింగుకూ మధ్య రెండంతస్తుల్లో ఇరుక్కున్న ఆ డిగ్రీ కాలేజీలో చరిత్రకు వేరే పద్ధతి ఉంటుందని ఆయనతో వాదించే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

"ఇది రువాండా మీద సార్," అంది విజయదుర్గ. "ఆఫ్రికాలో, తొంభైనాలుగులో, వంద రోజుల్లో ఎనిమిది లక్షలమందిని నరికేశారు. దానికి కొత్తపేటలో ఎవర్ని ఏం అడగమంటారు?"

"అదే కదమ్మా మీ ప్రతిభ," అన్నారాయన, టీలో బిస్కెట్టు ముంచుతూ. "లోకల్‌గా ఏదన్నా కలపండి. ప్రైమరీ డేటా లేకపోతే ఎగ్జామినర్ పట్టుకునేది నన్నే."

పందొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్న విజయదుర్గకు ఇలాంటివి కొత్త కాదు. నవ్వుకుని స్టాఫ్‌రూముకు వచ్చేసింది. అక్కడ మూల బల్ల దగ్గర జిరాక్సు కాగితాల కుప్ప ముందేసుకుని ఆమె ఇద్దరు శిష్యులూ కూర్చుని ఉన్నారు. బి.ఏ. ఆఖరి సంవత్సరంలో మిగతా అందరూ కాకతీయుల మీదో కుతుబ్‌షాహీల మీదో పాత ప్రాజెక్టులు దులిపి తెచ్చుకుంటే, ఈ ఇద్దరే ఎక్కడిదో దూరదేశపు ఘోరాన్ని నెత్తికెత్తుకున్నారు. గౌతమ్‌ది తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, వాళ్ల నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో మందుల షాపు. జ్యోతికది నల్లగొండ జిల్లా. తండ్రి అంతయ్య కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ, బత్తాయి లారీలు దించుతాడు. అడిగింది జ్యోతికే: "పక్కింటోళ్లే చంపిన్రంటున్నరు మేడమ్. పక్కింటోళ్లు ఎట్ల చంపుతరు? గది చదవాలె." గౌతమ్ ఆమె వెనకాలే నడిచాడు.

అది రెండువేల పదకొండు ఫిబ్రవరి, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. వారంలో రెండు రోజులు బంద్, మిగతా రోజులు బంద్ అవుతుందేమోనన్న అనుమానం. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో వల కప్పిన పోలీసు బస్సులు పగలంతా నిలబడే ఉండేవి. క్లాసులో కూడా ఒక బెంచీ రెండో బెంచీతో మునుపటిలా మాట్లాడ్డం మానేసింది. విజయదుర్గ మాత్రం తన బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు ఒకే పుస్తకం మీద తలలు వంచడం చూసి లోలోపల గర్వపడేది. ఆ గర్వం ఆమెను ఎక్కడికి తీసుకెళ్తుందో అప్పటికి తెలీదు మరి.

"లోకల్‌గా ఏం కలుపుదాం?" అనడిగింది.

జ్యోతిక పెన్ను మూత కొరుకుతూ ఆలోచించింది. "బెల్జియమోళ్లు కార్డుల మీద జాతి రాసిపెట్టిన్రు గద మేడమ్. అరవై ఏండ్లయినంక రోడ్ల మీద ఆపి గదే కార్డు చూసి చంపిన్రు. అంటే పక్కింటోడు ఎవడనేది ఎవరో రాసిపెడితేనే తెల్సింది. మరి మనకు పక్కింటోళ్ల గురించి ఏం తెల్సు? గది అడుగుదాం."

ఎంత బాగుంది! ఒక్క మధ్యాహ్నంలో ఎనిమిది ప్రశ్నలు తయారయ్యాయి. మీ పక్కింటివాళ్లది ఏ జిల్లానో మీకు తెలుసా, తెలిశాక మాటామంతీలో ఏమైనా మారిందా, పిల్లల్ని వాళ్లింటికి ఆడుకోడానికి పంపుతారా, ఇలా. పైన పేరు, ఇంటి నంబరు, ఫోను, సొంతిల్లా కిరాయా, సొంత జిల్లా అన్న గళ్లు విజయదుర్గే గీసింది.

"పేర్లెందుకు మేడమ్?" అన్నాడు గౌతమ్.

"పేరూ ఫోనూ లేకపోతే మీరే ఇంట్లో కూర్చుని నింపేశారంటారు నాన్నా. పోయినేడాది ఎంబీఏ మహానుభావులు డెబ్బై ఫారాలు ఒకే పెన్నుతో నింపి దొరికిపోయారు." పిల్లలు నవ్వారు. ఆమె తొమ్మిదోది కూడా తనే రాసింది: గత ఏడాదిగా మీ ఇంట్లోంచి ఎవరైనా, ఏ పక్షం తరఫునైనా, ఊరేగింపుకో ధర్నాకో సభకో వెళ్లారా?

జ్యోతిక ఆ వాక్యం రెండుసార్లు చదివింది. "గిది ఎందుకు మేడమ్?"

"అభిప్రాయం అడిగితే అందరూ మంచే చెబుతారు. చేసిందేమిటో అడిగితేనే నిజం బయటపడుతుంది," అంది విజయదుర్గ. పద్ధతి తెలిసిన మనిషి గొంతు అది. పదో ప్రశ్న పిల్లలిద్దరూ కలిసి రాసుకున్నారు: మీ పక్కింటివాళ్లకు ఆపద వచ్చి అర్ధరాత్రి తలుపు తడితే తీస్తారా?

ఎక్కడ అడగాలన్నదీ విజయదుర్గే తేల్చింది. కొత్తపేటలో తనుండే కాలనీయే. జ్యోతిక కూడా అందులోనే, శేషారత్నంగారి ఇంటి వెనక పోర్షన్లో ఉంటుంది. ఆ కాలనీలో సొంతిళ్ల వాళ్లు ఎక్కువమంది, విజయదుర్గవాళ్లతో సహా, పాతికేళ్ల కిందట కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. వెనక గదుల్లో, మేడ మీది రేకుల షెడ్లలో ఉండేది నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, మార్కెట్లో మూటలు మోసేవాళ్లూ ఆటోలు తోలేవాళ్లూ. ఒకే కాంపౌండు గోడ, ఒకే నీళ్ల ట్యాంకరు, రెండు యాసలు. ఇన్నాళ్లూ అదేం పెద్ద విషయం కాలేదు.

శని, ఆదివారాలు పిల్లలు ఇల్లిల్లూ తిరిగారు. ముందు వాకిళ్లు గౌతమ్‌వి, వెనక వాకిళ్లు జ్యోతికవి. వెనక వాకిళ్లలో పని గబగబా అయింది. మన అంతయ్య బిడ్డ చదువుకోసం అడుగుతోందని పీటలేసి కూర్చోబెట్టి మరీ చెప్పారు. బీడీలు చుట్టే కిష్టమ్మ చేటలో ఆకు కత్తిరిస్తూనే చెప్పుకుపోయింది. "రాసుకో బిడ్డా. నేను గూడ పోయిన. ఎల్‌బీనగర్ చౌరస్తల కూసున్నం, నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడినం. గింత పెద్దగ రాయి." నూరు కావలసినచోట ఎనభై నాలుగు ఫారాలు వచ్చాయి. ఆ లెక్కలో ఒకటి జ్యోతిక తన ఇంటికే నింపిన ఫారం. తొమ్మిదో ప్రశ్న దగ్గర అంతయ్య వెళ్లానని ఉన్నదున్నట్టు చెప్పాడు. బిడ్డ అడిగితే అబద్ధం ఎందుకు చెబుతాడు?

ఆదివారం సాయంత్రం చక్రపాణిగారు వచ్చారు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరై, కాలనీ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. చుట్టరికం లేకపోయినా విజయదుర్గ ఆయన్ని బాబాయిగారనే పిలుస్తుంది. పెద్దమనిషి. విజయదుర్గ భర్త ప్రసన్నకుమార్‌కు పోయినేడు గుండెల్లో నొప్పి వస్తే, బంద్ రోజున కారు తీసి అడ్డదారుల్లో ఆసుపత్రికి చేర్చింది ఆయనే. అందుకే ఆయన గేటు తీస్తుంటేనే ఈమె కుర్చీ లాగింది.

"అమ్మాయ్, ఆ కాగితాలు నీ స్టూడెంట్లవేనట గదా," అన్నారు కూర్చుంటూ. "పొద్దుట్నించీ నాకు ఆరు ఫోన్లు. ఎవరో ఆంధ్రావాళ్ల ఇళ్లు రాసుకుపోతున్నారని ఒకటే గోల. కాదురా బాబూ మన దుర్గమ్మ కాలేజీ పిల్లలని చెప్పా. ఓసారి ఆ ఫారాలు ఇస్తే నలుగురికీ చూపించి భయం పోగొడతా. పొద్దున్నే తెచ్చిచ్చేస్తా."

"ఇచ్చెయ్యి, అందులో ఏముంది," అన్నాడు ప్రసన్నకుమార్ పేపరు వెనక నుంచి.

బీరువా తెరిచి, ట్యాగు కట్టిన కట్ట బయటికి తీసినప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎందుకాగిందో ఆలోచించలేదు. ఆలోచిస్తే ఇవ్వనని చెప్పాల్సొస్తుంది, బాబాయిగారికి ఇవ్వనని ఎలా చెబుతాం? ఇచ్చేసింది. మర్నాడు ఎనిమిదింటికల్లా ఆయన కట్టను అట్టపెట్టిన ఫైల్లో సర్ది, పైన జంతికల పొట్లం పెట్టి మరీ పంపించారు. జంతికలు బాగున్నాయి కూడా.

మంగళవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూములో లెక్కింపు మొదలైంది. గౌతమ్ ఒక్కో ఫారం చదువుతుంటే, జ్యోతిక రూళ్ల కాగితం మీద నాలుగు నిలువు గీతలూ ఒక అడ్డగీతా చొప్పున కట్టలు కడుతోంది. విజయదుర్గ పక్కనే మూడో అధ్యాయం దిద్దుతోంది. రేడియోలో పేర్లు చదివి వినిపించి జనాన్ని ఉసిగొల్పిన సంగతి అందులో వస్తుంది.

"ఇరవై మూడు. కిరాయి. తొమ్మిదో ప్రశ్న, అవును." గౌతమ్ ఆగాడు. "మేడమ్, ఈ ఎర్ర టిక్కు మీరు పెట్టారా?"

కాగితం కుడి మూల, ఇంటి నంబరు పక్కన, ఎర్ర పెన్సిల్ టిక్కు. నాజూగ్గా, ప్లానుల మీద కొలతలు సరిచూసే చెయ్యి పెట్టినట్టు ఉంది. అది ఎవరి చెయ్యో విజయదుర్గకు వెంటనే తెలిసింది. అప్పుడు నిజం చెప్పి ఉంటే కథ అక్కడితో ముగిసేది కాదేమో గానీ, మరోలా నడిచేది. నోరు మాత్రం తనంతట తానే తెరుచుకుంది.

"ఆఁ... ఏదో చూస్తూ పెట్టుంటాన్లే. చదువు, చదువు."

గౌతమ్ చదివాడు. టిక్కులున్న ఫారాలు తొమ్మిది తేలాయి. తొమ్మిదింటిలోనూ కిరాయిదార్లే, తొమ్మిదో ప్రశ్నకు అవునన్నవాళ్లే. సొంతిళ్లవాళ్లలో కూడా నలుగురు అవునన్నారు, వాళ్లు వెళ్లింది ఇంకో పక్షం సభలకు. వాళ్ల ఫారాల మీద ఏ గీతా లేదు. జ్యోతిక ఒక్కో నంబరు వినబడినప్పుడల్లా తల ఎత్తి, మళ్లీ దించి గీత గీసింది. తన ఇంటి నంబరు వచ్చినప్పుడు తల ఎత్తలేదు. చివర పదో ప్రశ్న. తలుపు తీస్తామని ఎనభై నాలుగుకి ఎనభై నాలుగు ఇళ్లూ చెప్పాయి. గౌతమ్ కంపాసు పెట్టి గుండ్రం గీసి, విభజించడానికి ఏమీ లేక, మొత్తం ఒకే ఆకుపచ్చ రంగు వేశాడు.

బుధవారం బంద్. గురువారం జ్యోతిక రాలేదు. శుక్రవారం గౌతమ్ ఒక్కడే వచ్చి, బల్ల దగ్గర నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాడు. "మేడమ్, జ్యోతికావాళ్లని నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నారంట. వాళ్లనొక్కళ్లనే కాదు, ఐదిళ్లకు చెప్పారంట. ఐదూ ఆ టిక్కులున్నవే."

ఆ సాయంత్రం విజయదుర్గ శేషారత్నంగారి ఇంటి పక్కసందులోంచి వెనక్కి వెళ్లింది. ఇన్నేళ్లలో ఆ సందులోకి రావడం అదే మొదటిసారి. గదిలో సగం సామాను అప్పుడే మూటలు కట్టి ఉంది. జ్యోతిక తల్లి లచ్చమ్మ గిన్నెలకు పాత న్యూస్‌పేపరు చుడుతోంది. మేడమ్‌ను చూసి కంగారుగా లేచి, ఉన్న ఒక్క కుర్చీ కొంగుతో తుడిచింది.

"కూసోన్రి మేడమ్. చాయ్ పెడ్త."

"వద్దమ్మా. ఏమైంది?"

"శేషారత్నమ్మ కొడుకొస్తుండట, గది కావాల్నట." లచ్చమ్మ నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయింది విజయదుర్గ. "ఆమెకు కొడుకే లేడు మేడమ్. ఇద్దరు బిడ్డలు. తొమ్మిదేండ్ల సంది ఉంటున్నం, నాకు తెల్వదా? ఆమె కాలిరిగితె నెల దినాలు నేనే తానం పోసిన. సరే, ఆమె ఇల్లు, ఆమె ఇష్టం. సైదాబాద్‌ల ఒక గది చూసినం. గది పోతె గది దొర్కుతది." చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "కనీ మా పోరిని అంటున్రు మేడమ్. ఖాళీ జెయ్యమన్న కడమ నాలుగిండ్లోళ్లు మా వాకిట్లకొచ్చిన్రు. కిష్టమ్మయితె నా మొకం మీదనే అన్నది, నీ బిడ్డ మాతోని తియ్యగ మాట్లాడి అన్ని రాస్కొని ఓనర్లకు ఇచ్చిందని. ఆ కిష్టమ్మనే దీన్ని చిన్నప్పుడు ఎత్తుకొని తిరిగింది. ఇప్పుడు నీళ్లకాడ పక్కన నిలబడనిస్తలేదు. పోరి తింటలేదు. ఎవరికిచ్చినవే అంటె చెప్తలేదు. మేడమ్, మీకన్న చెప్పిందా? ఎవరికిచ్చిందట?"

నాకు. నేను. ఒక్క మాట చాలు. క్లాసులో నలభైమంది ముందు గంటసేపు అనర్గళంగా మాట్లాడే మనిషి ఆ ఒక్క మాటను మింగేసింది.

"నేను... కనుక్కుంటానమ్మా," అంది.

అన్నాక తల తిప్పితే, గుమ్మంలో బిందెతో జ్యోతిక నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో. బిందె దించింది, గోడకు చేర్చింది, మూత పెట్టింది. "నమస్తే మేడమ్," అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక విజయదుర్గ తనకు తాను చాలా చెప్పుకుంది. ఇక్కడెవరూ ఎవర్నీ చంపలేదు. ఐదు గదులు ఖాళీ అవుతున్నాయి, అంతే. ఆ దేశంలో జరిగినదాన్నీ దీన్నీ ఒక్క మాటలో చేర్చడం కూడా చచ్చిపోయినవాళ్లకు అవమానం. అంతా నిజమే. నిజమైనదాన్నే అడ్డం పెట్టుకుని దాక్కోవచ్చని ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది.

శనివారం పొద్దున చక్రపాణిగారింటికి వెళ్లింది. ఆయన వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తున్నారు. హాల్లో సోఫా పక్కన రెండు సూట్‌కేసులు బిగించి, తాళాలేసి ఉన్నాయి. ఆమె వాటికేసి చూడ్డం గమనించి, "మీ పిన్ని సర్ది ఉంచింది," అన్నారాయన కాస్త సిగ్గుపడుతూ. "ఏ క్షణాన ఏమవుతుందోనని. నెలరోజులుగా దానికి నిద్రలేదు. బస్సు హారన్ మోగినా లేచి కూర్చుంటుంది."

ఆ భయం దొంగది కాదు. అదే విజయదుర్గను ఇంకా ఇబ్బంది పెట్టింది. దుర్మార్గుడైతే నాలుగు దులిపి రావచ్చు.

"టిక్కులు పెట్టింది మీరే కదా బాబాయిగారూ. ఆ ఇళ్లే ఖాళీ చేయిస్తున్నారు."

"నేనెవర్నీ ఖాళీ చేయించమనలేదమ్మా. ఎవరింట్లో ఎవరున్నారో తెలిసుంటే మంచిదని ఓనర్లకు చెప్పా. పిల్లాపాపలున్న కొంపలు." డబ్బా కింద పెట్టి చేతులు తుడుచుకున్నారు. గొంతు మెత్తగానే ఉంది. "నేను కొత్తగా రాసిందేముంది చెప్పు? ప్రశ్న నీది. జవాబు వాళ్లది. నేను టిక్కు పెట్టానంతే."

విజయదుర్గ గేటు వేసుకుని వచ్చేసింది.

సోమవారం పట్టాభిగారు పిలిచారు. ఎవరో కాలేజీకి ఫోన్ చేశారట, మీ కాలేజీ పిల్లల సర్వే వల్ల కిరాయిదార్లు రోడ్డున పడుతున్నారని. ఆయన బిస్కెట్ల డబ్బా మూతపెట్టి, తెల్లకాగితం ఒకటి ముందుకు తోశారు.

"రెండు ముక్కలు రాసిచ్చెయ్యండమ్మా. గైడుకు తెలియకుండా స్టూడెంటు ఫారాలు బయటికిచ్చిందని. ఆ అమ్మాయి లోకలే కాబట్టి గొడవేం ఉండదు. అదే మీ పేరు వస్తే, మీరు ఆ పక్కవాళ్లు, అల్లరైపోతుంది. కాలేజీ అద్దాలు పగుల్తాయి."

విజయదుర్గ కాగితం మడిచి చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. మెట్ల మలుపులో జ్యోతిక కూర్చుని ఉంది, ఒళ్లో ఫైలు. శుక్రవారం తర్వాత కనబడటం ఇదే. మొహం పీక్కుపోయింది.

"నాలుగో చాప్టర్ అయిపోయింది మేడమ్. ఫుట్‌నోట్లు రెండు సరిగ లేవు."

విజయదుర్గ పక్కనే మెట్టు మీద కూలబడింది. పై అంతస్తులో ఎవరో ఫిజిక్స్ చెబుతున్నారు, మైకులో. "జ్యోతికా, ఆ ఫారాలు..."

"తెల్సు మేడమ్. మంగళవారమే తెల్సింది. మీరు ఎర్ర పెన్సిల్ పట్టరు గద, ఎప్పుడు పచ్చ ఇంకుతోనే దిద్దుతరు. మీరే పెట్టిన అన్నప్పుడు సమజైంది, ఎవరికో ఇచ్చిన్రని."

"మరి మీ అమ్మకు చెప్పలేదేం? కిష్టమ్మకు చెప్పలేదేం? నా పేరు చెప్పేస్తే నీ మీద మాట ఉండేది కాదుగా!"

జ్యోతిక ఫైలు ట్యాగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "మీ పేరు చెప్తే మీ పేరు ఉండదు మేడమ్. ఆంధ్ర మేడమ్ ఇచ్చిందంటరు. రేపటికి ఆంధ్రోళ్లు ఇచ్చిన్రంటరు. ఎల్లుండికి ఆంధ్రోళ్లంత గింతే అంటరు. గౌతమ్‌గాడు గూడ అండ్లనే వస్తడు. మూడు నెలల సంది మనం చదివింది గదే గద. నా మీద ఉంటే జ్యోతిక చెడ్డది అంటరు. నా ఒక్కదాని తానే ఆగుతది."

విజయదుర్గ ఆ ఫైలు వైపు చూసింది. తను పద్ధతులు నేర్పింది, శాతాలు నేర్పింది, ఫుట్‌నోట్‌లో చుక్క ఎక్కడ పెట్టాలో నేర్పింది. ఇది ఎప్పుడు నేర్చుకుందీ పిల్ల?

"అది నువ్వు మొయ్యాల్సింది కాదమ్మా."

"మొన్న మా ఇంట్ల కనుక్కుంటానన్నరు గద మేడమ్." జ్యోతిక గొంతులో కోపం ఇప్పుడు బయటపడింది, సన్నగా. "గప్పుడే నా నెత్తి మీద పెట్టి పోయిన్రు. ఇయ్యాల వద్దంటే ఎట్ల?"

ఫైలు ఆమె పక్కన పెట్టి దిగి వెళ్లిపోయింది. విజయదుర్గ మెట్ల మీదే ఆ తెల్లకాగితం మడత విప్పి, మోకాలి మీద పెట్టుకుని రాసింది: ఫారాల్లో తొమ్మిదో ప్రశ్న నాది. నింపిన ఫారాలు బయటి వ్యక్తికి ఇచ్చింది నేను. విద్యార్థులకు తెలియదు. సంతకం పెట్టి, తేదీ వేసి, పట్టాభిగారి బల్ల మీద ఉంచింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, "మీ ఇష్టం, వచ్చే ఏడాది సంగతి మేనేజ్‌మెంటు చూసుకుంటుంది," అన్నారు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. కానీ ఆ కాగితం ఆ బల్ల సొరుగులోనే పడుంటుంది, కాలనీ వెనక వాకిళ్లకు చేరదు. అదీ తెలుసు.

మంగళవారం పొద్దున ఏడున్నరకు ట్యాంకరు వచ్చింది. ఎండాకాలం రాకముందే ఆ కాలనీలో బోర్లు మొరాయిస్తాయి. ట్యాంకరు వచ్చిందంటే ముందు వాకిళ్లూ వెనక వాకిళ్లూ ఒకచోట చేరేది ఆ అరగంటే. చక్రపాణిగారు టోకెన్ల పుస్తకం పట్టుకుని పర్యవేక్షిస్తున్నారు. బిందెల వరస మలుపు దాకా ఉంది. జ్యోతిక అందరికన్నా వెనక నిలబడింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆమె బిందెను దాటి తమవి ముందు పెడుతున్నారు, ఆమె ఏమీ అనడం లేదు.

విజయదుర్గ పనిమనిషిని పంపకుండా తనే వచ్చింది. చేతిలో బిందె కూడా లేదు. ట్యాంకరు పైపు దగ్గర, నీళ్లు చిమ్మే చోట నిలబడితే చీర కుచ్చిళ్లు తడిశాయి.

"ఒక్క మాట చెప్పాలి," అంది. నీళ్ల చప్పుడులో ఎవరికీ వినబడలేదు. మళ్లీ అరిచింది, గొంతు కీచుగా వచ్చింది. డ్రైవరు ఏమనుకున్నాడో వాల్వు కట్టేశాడు. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం వస్తుందని ఆమె అనుకోలేదు.

"పిల్లలు తెచ్చిన ఫారాలు ఓనర్లకు జ్యోతిక ఇచ్చిందంటున్నారు. జ్యోతిక ఇవ్వలేదు. ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయికి తెలియను కూడా తెలియదు. మీలో ఎవరు ధర్నాలకు వెళ్లారని అడిగించింది నేను. జవాబులన్నీ తీసుకెళ్లి చక్రపాణిగారి చేతికిచ్చింది నేను. అడిగితే మొహమాటపడి ఇచ్చేశాను. మొన్న లచ్చమ్మ అడిగినప్పుడు కూడా నోరు మూసుకున్నాను." ఊపిరి తీసుకుంది. "ఆంధ్రావాళ్లు ఇచ్చారని అనకండి. వాళ్లెవరికీ దీంతో సంబంధం లేదు. ఇచ్చింది విజయదుర్గ. ఈ మనిషి. తిట్టాలంటే నా పేరు పెట్టి తిట్టండి."

మెట్ల మీదున్న శేషారత్నంగారు లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. చక్రపాణిగారి మొహం ఎర్రబడింది. "నీళ్ల దగ్గర ఇప్పుడీ పంచాయితీ ఎందుకమ్మాయ్," అన్నారు, పుస్తకంలోకి చూస్తూ. లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరస చివర జ్యోతిక కళ్లు పెద్దవి చేసి చూస్తోంది, సంతోషంగా మాత్రం కాదు.

కిష్టమ్మ వరసలోంచి బయటికొచ్చింది. విజయదుర్గను పైనుంచి కిందిదాకా చూసింది.

"గట్లనా. అయితె మా గదులు మాకు ఉంటయా మేడమ్?"

విజయదుర్గ ఇంతవరకూ ఆలోచించుకొచ్చిన మాటలన్నీ అక్కడికి అయిపోయాయి. నిన్న సాయంత్రం ఐదిళ్ల ఓనర్ల దగ్గరికీ వెళ్లింది. ఇద్దరు తలుపు తీయలేదు. ముగ్గురు కాఫీ ఇచ్చి, వేరే సంగతులు మాట్లాడి పంపారు.

"ఉండవు కిష్టమ్మా. అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు."

"మరి గిప్పుడు చెప్పి ఏం లాభం?"

కిష్టమ్మ ఇంకో నిమిషం ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది, అక్కడ ఇంకేమన్నా ఉందేమోనన్నట్టు. తర్వాత వెనక్కి తిరిగి, వరస పొడుగునా నడిచి, జ్యోతిక ముందు ఆగింది. ఆ పిల్ల బిందె తనే చంకన పెట్టుకుంది.

"నాతోనన్న చెప్పక పోతివి గదే," అంది. చెప్పి, జ్యోతిక జబ్బ పట్టుకుని ముందుకు లాక్కొచ్చింది. తన బిందె పక్కకు జరిపి, ఆ జాగాలో జ్యోతిక బిందె పెట్టింది. ఎవరూ అడ్డం చెప్పలేదు. "ఇప్పు నీళ్లు," అని డ్రైవరుకేసి అరిచింది.

నీళ్లు ధారగా పడ్డాయి. జ్యోతిక బిందె అంచు రెండు చేతులతో పట్టుకుంది. ఏడుస్తోందో, నీళ్లు చిమ్మి మొహం తడిసిందో తెలియలేదు. విజయదుర్గ ఆమె వైపు ఒక్కడుగు వేసింది. ఏదో చెబుదామనే.

"జరుగున్రి మేడమ్," అంది కిష్టమ్మ, తలెత్తకుండా. "వెనకాల మస్తుమంది ఉన్నరు."

విజయదుర్గ పక్కకు జరిగింది.